సెల్లార్‌లో ఎనిమిది వందల లీటర్లు

"సంపులు కట్టినోళ్లం సార్, గీ చేపల తొట్టి ఎంత?" అన్నాడు మా మేస్త్రీ. అతని ధీమాలో తప్పేమీ లేదు. పదివేల లీటర్ల సంపును నాలుగు రోజుల్లో లేపి, చుక్క కారకుండా అప్పజెప్పే మనిషి. అందులో పదో వంతు కూడా లేని తొట్టి అతనికి ఆటబొమ్మలా కనిపించడం సహజమే.

నల్లగొండలో సెల్లార్ ఉన్న ఇళ్లు తక్కువ. మా ప్లాటు గుట్ట వాలు మీద ఉండడంతో ఒక గది సగం భూమిలోకి దిగిపోయింది. కారు పట్టదు, కిరాయికి ఇవ్వలేం. పాత కూలర్లు, విరిగిన కుర్చీలు, పెళ్లిపత్రికల కట్టలు తప్ప అందులో ఏమీ ఉండేవి కావు. ఆ గదిలో ఆరు అడుగుల అక్వేరియం కట్టాలనుకున్నప్పుడు ఇంట్లో అందరూ భయపడింది ఒక్కదానికే: గాజు పగిలితే? రెండేళ్లు గడిచాక చెబుతున్నాను, గాజు గురించి పడిన టెన్షన్‌లో సగం నీటి గురించి పడి ఉంటే బాగుండేది.

ముందు మేస్త్రీ ప్రశ్నకు జవాబు. సంపు భూమిలో ఉంటుంది. నిండినప్పుడు నీళ్లు గోడను బయటికి నెడితే, అవతలి మట్టి దాన్ని లోపలికి నెడుతుంది. గోడ మధ్యలో నిలబడి ఇద్దరి తోపులాట చూస్తుంది. అదే తొట్టిని నేల మీద కడితే బయట ఆసరాగా గాలి తప్ప ఏమీ లేదు. ఇటుకకైనా సిమెంటుకైనా నొక్కితే ఓర్చుకునే గుణం ఉంది, సాగదీస్తే పగలడం ఖాయం. గోడ వంగిందంటే ఒక ముఖం సాగాల్సిందే. మేడ మీద కాంక్రీటు ట్యాంకుకు అన్ని చువ్వలు కట్టేది అందుకే. చువ్వలతో కట్టి, ఒకవైపు గాజు బిగించిన సిమెంటు తొట్లు లేకపోలేదు. కానీ కొత్త సిమెంటు నుంచి సున్నం నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. నింపడం, పారబోయడం వారాల తరబడి చేయాలి, లేదా లోపలంతా ఎపాక్సీ పూత వేయాలి. మేము పూర్తి గాజు తొట్టికే వెళ్లాం. మేస్త్రీకి దిమ్మె కట్టే పని దక్కింది.

గాజు విషయంలో చాలామందికి ఉండే అపోహ, తొట్టి పొడవు పెరిగితే ఒత్తిడి పెరుగుతుందని. గాజు మీద నీటి ఒత్తిడికి పొడవుతో పని లేదు, వెడల్పుతో పని లేదు, ఎన్ని లీటర్లన్నదానితోనూ పని లేదు. లోతు ఒక్కటే లెక్క. నాగార్జునసాగర్‌లో పది అడుగుల లోతు చూసినా, మీ పెరటి బావిలో పది అడుగుల లోతు చూసినా అక్కడ ఒత్తిడి ఒకటే. కాకపోతే అద్దం పెద్దదయ్యేకొద్దీ దాని మీద పడే మొత్తం తోపు పెరుగుతుంది, మధ్యలో ఎక్కువ వంగుతుంది. అందుకే మందం లెక్కలో పొడవుకూ చోటుంది, కానీ పెత్తనం లోతుదే.

మా మొదటి బొమ్మలో నీటి లోతు 75 సెంటీమీటర్లు. పొడవు 180. ముందు అద్దం అడుగున చదరపు సెంటీమీటరుకు 75 గ్రాముల ఒత్తిడి, పైన సున్నా, సగటున 37.5 గ్రాములు. దాన్ని అద్దం వైశాల్యంతో గుణిస్తే 506 కిలోలు. అంటే పది బస్తాల సిమెంటు ఆ అద్దానికి ఆనుకుని పగలూ రాత్రీ నెడుతున్నట్టు. లోతును 60కి తగ్గించి చూశాం. తోపు 324 కిలోలకు పడిపోయింది. తగ్గించింది ఐదో వంతు లోతు, తగ్గింది మూడో వంతుకు పైగా భారం. లోతు రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది కాబట్టి అరడుగు కోసం మొండికేయడం తెలివైన పని కాదనిపించింది. వెడల్పు మాత్రం 75 అలాగే ఉంచాం. నిలువు లోతు కన్నా నీటి పై వైశాల్యమే చేపలకు మేలు, ఎందుకో తరవాత చెబుతాను.

180, 75, 60 గుణిస్తే 810 లీటర్లు.

12 ఎం.ఎం. మామూలు ఫ్లోట్ గాజు తీసుకున్నాం. గాజు విరిగే ఒత్తిడిలో సుమారు నాలుగో వంతు దాటకుండా చూడడం అక్వేరియం కట్టేవాళ్ల లెక్క. ఒత్తిడి అడుగున ఎక్కువైనా, అద్దం ఉబ్బేది పై అంచు మధ్యలో. కింద, పక్కల అంటుకుని ఉంటుంది, పైన పట్టుకునేవాళ్లు లేరు. అందుకే పై అంచు చుట్టూ నాలుగు అంగుళాల గాజు పట్టీలు అడ్డంగా అతికించాం. అవి పెట్టకపోతే మా కొలతకు 12 ఎం.ఎం. చాలదు. టఫెన్డ్ గాజు గట్టిది కదా అని కొందరు అటు వెళ్తారు. గట్టిదే, కానీ ఒకసారి టఫెన్ చేశాక దానికి రంధ్రం వేయలేం, కోయలేం, అంచుకు దెబ్బ తగిలితే మొత్తం పలుకులైపోతుంది. పైపుకు రంధ్రాలు వేయాల్సిన అద్దం మామూలు గాజే ఉండాలి.

సిలికాన్ గురించి రెండే మాటలు. పులిసిన వాసన వచ్చే రకం, బూజు పట్టకుండా కలిపే మందు లేనిది కొనాలి. బాత్‌రూముల కోసం అమ్మే దాంట్లో ఆ మందు ఉంటుంది, అది చేపలకు పడదు. ఇక రెండోది: ఆరిన సిలికాన్ మీద కొత్త సిలికాన్ సరిగ్గా అంటదు. కారుతున్న చోట పైనుంచి పూస్తే ఆగుతుందనుకోకండి, పాతది గీకి తీయాల్సిందే. అతికించాక మేము రెండు వారాలు ముట్టుకోలేదు.

ఇప్పుడు బరువు. నీళ్లు 810 కిలోలు, గాజు 150, రాళ్లూ ఇసుకా కలిపి 80. దిమ్మె కాకుండానే టన్ను దాటింది. ఇదంతా చదరపు మీటరున్నర కూడా లేని చోట, అంటే చదరపు మీటరుకు 770 కిలోలు. మనం పడుకునే గదుల స్లాబుకు ఇంజినీర్లు లెక్కేసే అదనపు బరువు చదరపు మీటరుకు 200 కిలోలే. పై అంతస్తులో ఇంత తొట్టి పెట్టాలంటే స్ట్రక్చరల్ ఇంజినీరును అడగకుండా పెట్టొద్దు. సెల్లార్‌కు ఉన్న అసలు లాభం ఇదే, కింద స్లాబు కాదు, భూమి.

అయితే ఏ భూమి? మా వైపు చల్క నేల, అడుగున రాయి తొందరగానే తగులుతుంది. మిర్యాలగూడ వైపు రేగడి ఉన్నచోట కథ వేరు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నోరు తెరుస్తుంది. దాని మీద ఒక మూల కుంగితే తొట్టి మెలితిరుగుతుంది. గాజు వంపును కాస్త ఓర్చుకుంటుంది గానీ మెలికను అస్సలు ఓర్వదు. ఇల్లు కట్టేటప్పుడు పోసిన మొరం సరిగ్గా దిమ్మిస కొట్టకపోయినా ఇదే గతి. మేస్త్రీ పాత గచ్చు పగలగొట్టి, జాలీ వేసి, ఆరంగుళాల కాంక్రీటు బెడ్ పోశాడు. దాని మీద ఇటుక దిమ్మెలు, పైన గ్రానైట్ పలక, దాని మీద అంగుళం మందం థర్మోకోల్. థర్మోకోల్ చూసి మేస్త్రీ నవ్వాడు. గాజు కింద చిన్న ఇసుక రేణువున్నా బరువంతా ఆ ఒక్క బిందువు మీదకు వస్తుంది, దాన్ని మింగడానికే అది.

తొట్టి నిలబడింది. కారలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

మొదటి దెబ్బ కరెంటు నుంచి వచ్చింది. తొట్టి కింద ఇంకో చిన్న తొట్టి పెట్టాం, నీళ్లు వడకట్టేందుకు. దాన్నీ సంపనే అంటారు. పై తొట్టి అంచు నుంచి పొర్లిన నీళ్లు పైపులో కిందికి దిగి, స్పాంజీల మధ్య నుంచి పోయి, మోటారుతో తిరిగి పైకి ఎక్కుతాయి. గంటకు మూడు నాలుగు వేల లీటర్ల మోటారు. ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయింది. పొద్దున సెల్లార్ తలుపు తీస్తే చెప్పులు తేలుతున్నాయి.

మోటారు ఆగినప్పుడు నీళ్లు పైకి పోవడం ఆగుతుంది గానీ కిందికి రావడం ఆగదని మాకు తట్టలేదు. పైకి నీళ్లు తెచ్చే పైపు కొస నీటి మట్టానికి పది సెంటీమీటర్లు లోపల ఉంది. మోటారు ఆగగానే అదే పైపు పిల్లలు డీజిల్ డబ్బాలోంచి గొట్టంతో లాగినట్టు నీటిని వెనక్కి లాగడం మొదలుపెట్టింది. మా తొట్టిలో ఒక్క సెంటీమీటరు మట్టం అంటే పదమూడున్నర లీటర్లు. పది సెంటీమీటర్లంటే 135. కింది తొట్టిలో ఖాళీ 60 లీటర్లే. మిగతా 75 గచ్చు మీదకి. మందు చాలా చవక: పైపుకు నీటి మట్టం కిందే చిన్న రంధ్రం. మట్టం అక్కడికి దిగగానే గాలి దూరి లాగుడు తెగిపోతుంది. నీటిని ఒకవైపే పోనిచ్చే నాన్‌రిటర్న్ వాల్వు పెడితే చాలు అంటారు. నాచు ముక్కో నత్తో ఇరుక్కుంటే అది మూసుకోదు, నేనైతే దాన్ని నమ్మను. తొట్టి కట్టేవాళ్లు మొదటి రోజే మెయిన్ ఆపి చూడాలి. స్విచ్ బోర్డు నేలకు నాలుగడుగుల పైన ఉండబట్టి ఆ పొద్దున ప్రమాదం తప్పింది. ఆ తరవాతే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్ పెట్టించాం. అది ముందే ఉండాల్సింది.

ఇక నీళ్ల దగ్గరికి వద్దాం. నల్లగొండ వాడికి నీళ్ల గురించి ఎవరూ చెప్పక్కర్లేదంటారు. వంగిన కాళ్లు, గార పళ్లు చూస్తూ పెరిగిన జిల్లా ఇది. నీటిలో ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా వాడే పేరే 'నల్లగొండ టెక్నిక్'. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పితే ఫ్లోరైడ్ తెట్టెతో పాటు అడుక్కి దిగుతుంది. మన కింద ఉన్న గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ ఉన్న నీటిలో అది ఇంకా బాగా దిగుతుంది, ఎందుకంటే కాల్షియం ఉంటే దాన్ని పట్టుకుని గట్టిపడి పక్కకు తీసుకుపోతుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. మా బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే 2 వచ్చింది.

2 మిల్లీగ్రాములకే చేపలు తేలిపోవు. అసలు చిక్కు నిలవలో ఉంది. ఎండాకాలంలో మా తొట్టిలో రోజుకు అర సెంటీమీటరు మట్టం తగ్గేది, అంటే దాదాపు ఏడు లీటర్లు. నెలకు 200 లీటర్లు. ఆవిరై పోయేది నీరు మాత్రమే. ఫ్లోరైడ్, ఉప్పు, బైకార్బొనేట్ అన్నీ తొట్టిలోనే కూర్చుంటాయి. తగ్గిన మేరకు బోరు నీళ్లు పోస్తే ప్రతి నెలా ఇంకో 400 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ కలుస్తుంది. 810 లీటర్లకు పంచితే లీటరుకు అర మిల్లీగ్రాము. నాలుగు నెలల్లో 2 కాస్తా 4. తొట్టి ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది, నీళ్లు తేటగానే ఉంటాయి, కానీ అవి నాలుగు నెలల కిందటి నీళ్లు కావు. పొలానికి పెట్టిన బోరు నీరు ఎండకు ఆవిరై, మిగిలిన ఉప్పులు మళ్లీ భూమిలోకి ఇంకడం కూడా ఈ లెక్కే. మా సెల్లార్‌లో అది అద్దం వెనక జరుగుతుంది.

కాబట్టి ఆవిరైనదానికి బదులు పోసే నీరు వేరు, మార్చే నీరు వేరు. ఇది అర్థం కావడానికి నాకు ఒక ఎండాకాలం పట్టింది. ఆవిరి లోటును వాన నీళ్లతోనో, ఆర్‌ఓ నుంచి వచ్చే మంచి నీళ్లతోనో పూడ్చాలి. ఆర్‌ఓ వదిలేసే నీళ్లు కాదు, వాటిలో ఉప్పులు ఇంకా ఎక్కువ. వారం వారం కొంత పాత నీరు తోడి కొత్త నీరు పోయడం ఎలాగూ తప్పదు. దానికి మేము నల్లా నీళ్లు వాడుతున్నాం. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ 2015లో మా జిల్లా చౌటుప్పల్‌లోనే వేశారు (ఇప్పుడది యాదాద్రి జిల్లాలోకి పోయింది). ఇప్పుడు ఇంటికొచ్చేది శుద్ధి చేసిన నది నీరు. ఫ్లోరైడ్ బాధ లేదు, కానీ క్లోరిన్ ఉంటుంది. అది చేపల మొప్పలను కాలుస్తుంది. డ్రమ్ములో పట్టి గాలి బుడగలు వదిలితే ఒక రోజులో పోతుంది. తొందరైతే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ గింజలు. ఒకప్పుడు ఫొటో స్టూడియోల్లో ఫిల్ములు కడగడానికి వాడిన హైపో ఇదే.

మా బామ్మర్ది ఇంకో సలహా ఇచ్చాడు. "బావా, మన ఊరి పేరున్న టెక్నికే ఉంది గదా, తొట్టిలో పటిక వేస్తే అయిపాయె." తాగే నీటికి సరే. చేపలున్న నీటిలో పటిక వేస్తే బైకార్బొనేట్ ఖర్చయి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) ఒక్కసారి పడిపోతుంది, కరిగిన అల్యూమినియం మొప్పలకు పడుతుంది. తొట్టి బయట డ్రమ్ములో చేసి, తేర్చి, పీహెచ్ చూసి పోస్తే పోయొచ్చు. నల్లా ఉండగా అంత అవస్థ ఎందుకని వదిలేశాం.

పీహెచ్ సంగతి వచ్చింది కాబట్టి, చేపలు చావడానికి అన్నిటికన్నా పెద్ద కారణం కూడా ఇక్కడే చెప్పాలి. చేప ఊపిరితో, విసర్జనతో అమ్మోనియా వదులుతుంది. చెరువులో అది పలచబడుతుంది, తొట్టిలో ఎక్కడికీ పోదు. అమ్మోనియాకు నీటిలో రెండు రూపాలు. ఒకటి పెద్దగా హాని చేయనిది, రెండోది విషం. ఏది ఎంత ఉంటుందో పీహెచ్ నిర్ణయిస్తుంది. 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే విషరూపం నూటికి ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 8కి పెరిగితే ఆరున్నర. మన బోరు నీళ్లు మామూలుగా ఎనిమిది వైపే మొగ్గుతాయి. వేరే ఊళ్లో పీహెచ్ తక్కువున్న మెత్తటి నీళ్లు పోసుకున్నవాడికి ఏమీ కాని అమ్మోనియా ఇక్కడ చేపల్ని తేలుస్తుంది. "వాళ్లు చెప్పినట్టే చేశాం, అయినా చచ్చాయి" అనేవాళ్లలో చాలామంది కథ ఇదేనని నా అనుమానం.

విరుగుడు బాక్టీరియా. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, ఇది చాలా వరకు ఓర్చుకోదగ్గది. వారం వారం నీళ్లు మార్చి దాన్ని తీసేస్తాం. ఈ రెండూ స్పాంజీల మీద, రాళ్ల మీద తమంతట తాము పెరగాలి. నాలుగు నుంచి ఆరు వారాలు. అన్ని రోజులూ తొట్టిలో చేప ఉండదు, చిటికెడు మేత మాత్రం వేస్తూ కుళ్లనివ్వాలి. ఐదో వారం మేస్త్రీ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "చేపలేవి సార్?" "రాలేదు మేస్త్రీ, ఇంకా నీళ్లు కాలేదు." అతను నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పాలు తోడుకోనిదే పెరుగు వడ్డించలేం కదా అని సర్దిచెప్పాను. పిల్లలు మాత్రం ఖాళీ తొట్టి ముందు చాలాసేపు కూర్చున్నారు.

ఎండ సంగతి. మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు వార్త కాదు. సెల్లార్‌లో అంత ఉండదు, చుట్టూ మట్టి కాస్త చల్లగా ఉంచుతుంది. అయినా నీళ్లు 32 దాటిన రోజులున్నాయి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా పట్టే నీరు 35 దగ్గర 7కి పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేపకు ఊపిరి ఎక్కువ కావాలి. గాలి నీటిలో కలిసేది పై ముఖం నుంచే కాబట్టి తొట్టి వెడల్పు పనికొచ్చేది ఇక్కడ. నీటి మీద ఫ్యాను వేస్తే ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గింది. కానీ ఆ ఆవిరి మూసిన గదిలో ఎక్కడికి పోతుంది? రెండు నెలల్లో గోడ సున్నం పెచ్చులూడింది, పెళ్లిపత్రికల కట్టలకు బూజు పట్టింది. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాకే కుదుటపడింది. జులైలో గాలే తడిగా ఉంటుంది కాబట్టి ఈ ఉపాయం అంత పారదు. కరెంటు పోయినప్పుడు పెద్ద మోటారు నడపక్కర్లేదు, ఐదు వాట్ల గాలి పంపు ఇన్వర్టర్ మీద ఉంటే రాత్రి గడిచిపోతుంది.

రాళ్ల గురించి ఒక్క జాగ్రత్త. మేళ్లచెరువు, మట్టపల్లి వైపంతా సున్నపురాయి, అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలకు అదే ఆధారం. అటునుంచి అందంగా ఉందని తెచ్చిన రాయి నీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది. నిమ్మరసం పిండితే నురగ వస్తే వద్దు. మన గుట్టల గ్రానైట్‌కు ఆ గొడవ లేదు.

చివరికి చేపలు. మా అబ్బాయికి కొర్రమీను కావాలి. అది తెలంగాణ రాష్ట్ర చేప, పైగా పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి కరెంటు పోయినా దానికి దిగులు లేదు. కానీ నోట్లో పట్టే ప్రతి చేపనూ మింగుతుంది, మూత లేకపోతే ఎగిరి గచ్చు మీద పడుతుంది, పెరిగితే రెండడుగులు దాటుతుంది. అప్పుడు ఏం చేస్తాం? కొనుక్కొచ్చిన చేపలైతే తీసుకెళ్లి మా ఊరి దగ్గరి ఉదయసముద్రం చెరువులో వదలడం తప్పు, అవి చెరువు చేపల పొట్ట కొడతాయి. నోరు కింద ఉండే ముళ్ల సక్కర్ క్యాట్‌ఫిష్ మన నదుల్లోకి, చెరువుల్లోకి చేరింది అలాంటి పుణ్యాత్ముల వల్లే. ఇప్పటికి ముప్పై పరకలు, నాలుగు చిన్న జెల్లలు వేశాం. పరకలు గుంపుగా తిరిగితే వెండి చిల్లర విసిరినట్టుంటుంది. జెల్లలు పగలంతా రాళ్ల కింద ఉండి, లైటు తీశాక బయటికొస్తాయి.

మా అబ్బాయి ఇంకా ఒప్పుకోలేదు. కొర్రమీను కోసం ఇంకో తొట్టి కట్టాలంటాడు. దానికి కూడా నాలుగు అడుగుల పొడవు, మూత, మళ్లీ ఆరు వారాలు కావాలని కాగితం మీద లెక్కేసి ఇచ్చాను. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంది.